బ్రేక్‌ఫాస్ట్ తెచ్చిన ఉపవాసం

ఉద్యోగం దొరికితే మనుషులు కూడా దొరుకుతారనుకునే వయసు నాది, ఆ రోజుల్లో. తొంభైల చివర తణుకు నుంచి మేడ్చల్ వచ్చి, ఒక చిన్న ప్రైవేటు బడిలో ఇంగ్లీషు మాస్టారుగా కుదిరాను. ఇంటివాళ్ల పెరట్లోనే అద్దె గది. శనివారం మధ్యాహ్నం బడి విడిస్తే, సోమవారం హాజరు పిలిచేదాకా నా గొంతు నాకే వినపడేది కాదు (ఒకసారి అనుమానమొచ్చి దగ్గి చూసుకున్నాను).

అలాంటి ఒక ఆదివారం ఇంటివాళ్ల అవ్వ చింతపండు గింజలు తీస్తూ, "సారూ, మా మనుమరాలు పొద్దుగాల బ్రేక్‌ఫాస్ట్, బ్రేక్‌ఫాస్ట్ అంటది. గదేంది?" అని అడిగింది. అడిగిన పాపానికి పూర్తి పాఠం చెప్పేశాను. ఇక్కడ ఫాస్ట్ అంటే త్వరగా అని కాదు, ఉపవాసం. బ్రేక్ అంటే దాన్ని విడవడం. రాత్రంతా ఏమీ తినం కనుక పొద్దుటి తిండికి ఆ పేరు. ఫాస్ట్‌కు పాత అర్థం 'గట్టిగా' అనీ, తిననని గట్టిగా పట్టుబట్టడమే ఉపవాసమైందనీ కూడా చెప్పాను. అవ్వ ఓపిగ్గా విని, "మరి నువ్వు జేస్తవా సారూ, గీ బ్రేక్‌ఫాస్ట్?" అంది. "రోజూ చేస్తానండీ మామ్మగారూ" అన్నాను గర్వంగా.

నేను రోజూ రాత్రి ఉపవాసముంటానని ఆవిడకు అర్థమైనట్టు నాకేం తెలుసు? వారం తిరిగేసరికి వీధిలో నాకు గౌరవం పెరిగింది. "గీ వయసుల గంత నిష్ట" అంటూ కిరాణా ఆయన రెండు అరటిపళ్లు చేతిలో పెట్టాడు. పాఠం బాగా చెబుతానని పేరొచ్చింది కాబోలనుకుని తినేశాను.

తర్వాత మనవరాలి పుట్టినరోజు దావత్ వచ్చింది. సాయంత్రం ముంగిట్లో షామియానా వేశారు. వీధివీధంతా వచ్చింది. స్నానం చేసి, తల దువ్వుకుని, పిలుపు కోసం మంచం మీద కూర్చున్నాను. కూర వాసన వచ్చింది గాని పిలుపు రాలేదు. ఇంతలో గోడ అవతల కోడలి గొంతు. "సారును పిల్వలే గదా అత్తమ్మా."

"ఊకో బిడ్డా. రాత్రి ఉపాసముండేటోళ్లను మటన్ కాడికి పిలుస్తమా? పాపం తగుల్తది" అంది అవ్వ.

ముందు నవ్వొచ్చింది. తర్వాత కళ్లలో నీళ్లొచ్చాయి (మసాలా ఘాటే అయివుంటుంది). ఆ నవ్వు పంచుకోవడానికి గదిలో ఇంకొకరు లేరు. చాలాసేపు అలాగే కూర్చుని, చివరికి లేచి షామియానా కిందికి వెళ్లి, "మామ్మగారూ, నాకు ఉపవాసం లేదండీ. ఆకలేస్తోంది" అన్నాను.

అందరూ చూశారు. అవ్వ నన్ను కిందినుంచి పైదాకా చూసి, "గింతసేపు జెప్పకపోతివేంది సారూ" అని, పక్కకు తిరిగి, "జర జరుగుండ్రి, జాగియ్యిండ్రి" అంది. ముక్కూ మొహం తెలియని ఇద్దరి మధ్య, భుజాలు రాసుకుంటూ కూర్చుని తిన్నాను. మూడోసారి వడ్డించేటప్పుడు వద్దనాలని కూడా తోచలేదు.

ఆనాటి ఆ కుర్ర మాస్టారు ఇప్పుడు నాకు కనబడితే భుజమ్మీద చెయ్యేసి, "ఇంకాస్త ముందే బయటికి రావాల్సిందిరా" అంటాను. వాడు మాత్రం ముందుగా నా మాటలో వ్యాకరణం చూస్తాడు, నాకు తెలుసు.