రెండున్నర గంటలు వెనకున్న కంప్యూటర్

అది 2009. సిరిసిల్లలో మరమగ్గాలు సగం రోజు నడిచి సగం రోజు కరెంటు కోసం ఎదురుచూసే కాలం. మరమగ్గాలను అక్కడ సాంచలంటారు. నూలు ధర పెరిగింది, గుడ్డకు గిరాకీ పడిపోయింది. సాంచలు నడిపే మగవాళ్లలో కొందరు పని వెతుక్కుంటూ మహారాష్ట్రలోని భీవండి బస్సెక్కారు, ఇంకొందరు పాస్‌పోర్టు చేతపట్టుకుని గల్ఫ్ దారి పట్టారు. నేను అప్పటికి కోరుట్లలో చిన్న దుకాణం పెట్టుకుని, అటు జగిత్యాల నుంచి ఇటు సిరిసిల్ల దాకా ఆఫీసుల్లో కంప్యూటర్లు, సర్వర్లు బాగుచేస్తూ తిరిగేవాణ్ని. మాది మేడిపల్లి. నాన్న తాళ్లెక్కి కల్లు గీసి బతికిన మనిషి. నేను వైర్లు పట్టుకుని టేబుళ్ల కింద దూరడం చూసి అమ్మ, "మీ నాయిన పైకెక్కి బతికిండు, నువ్వు కిందికి దూరి బతుకుతున్నవు" అని నవ్వేది.

రాజేశం సేటుది సిరిసిల్లలో లంగా గుడ్డ, స్కూలు యూనిఫాం గుడ్డ నేయించే కార్ఖానా. ఎవరో చెబితే విని ఒక సర్వర్ కొన్నాడు. సర్వర్ అంటే ఆఫీసులోని మిగతా కంప్యూటర్లన్నింటికీ పెద్ద దిక్కు లాంటిది. లెక్కలు, స్టాకు అన్నీ దాని కడుపులో ఉంటాయి, మిగతావన్నీ దాన్ని అడిగి పనిచేస్తాయి. సేటుకు దాని మీద భక్తి ఎక్కువ. దసరాకు సాంచలతో పాటు దానికీ పూజ చేయించి, సరిగ్గా సీడీ పెట్టే చోట పసుపు కుంకుమ పూసేవాడు. పై నుంచి నిమ్మకాయ, మిరపకాయలు వేలాడేవి. గాలి ఆడే కంతలకు అడ్డంగా కట్టొద్దని నేను చెబితే, "కంతలకే దిష్టి తగులుతది తమ్మీ" అన్నాడు. వాటిని కంతల పక్కకు జరిపి నా పని చూసుకున్నాను.

ఆ ఆఫీసులో గోదాము స్లిప్పులు రాసే కంప్యూటర్ రజితది. ఆమె బోయినపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఆమె భర్త నరేశ్ అదే కార్ఖానాలో సాంచలు నడిపేవాడు. ఒక వరస సాంచలు ఆపేయాల్సి వచ్చినప్పుడు అతను సౌదీ వెళ్లిపోయాడు. ఇంటర్ చదివి కంప్యూటర్ నేర్చుకున్న పిల్ల కదా అని సేటు రజితను ఆఫీసులో పెట్టుకున్నాడు. అక్కడ నరేశ్ పని ఇంకా కుదురుకోలేదు. ఇంట్లో అత్త, బడికి వెళ్లే కొడుకు ఉన్నారు. ఆ ఇంటి పొయ్యి రజిత జీతంతోనే వెలుగుతోందని కార్ఖానాలో అందరికీ తెలుసు.

ఒకరోజు సేటు ఫోన్ చేశాడు. "తమ్మీ, గా పిల్ల కంప్యూటర్ మల్ల ఆగింది."

"రీస్టార్ట్ చెయ్యమను సేటు."

"చేస్తే నడుస్తది, మల్ల రేపు ఆగుతది. రోజుకోపారి సచ్చి బతుకుతున్నది. నీ సర్వర్‌కు ఏమన్న రోగమా?"

కొన్నది ఆయనే అయినా, చెడిపోయినప్పుడు మాత్రం అది నా సర్వర్. మా వృత్తిలో ఇది మామూలే.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. కంప్యూటర్ బంగారంలా నడుస్తోంది. డాక్టర్ ముందు కూర్చోగానే దగ్గు ఆగినట్టు, మేం వెళ్లేసరికి తప్పులన్నీ మాయమవుతాయి. లెక్కల సాఫ్ట్‌వేర్ ఆగినప్పుడు ఏమని వస్తోందని రజితను అడిగితే, సర్వర్ దొరకడం లేదని మాత్రమే చూపిస్తోందని చెప్పింది. అందుకని ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. కంప్యూటర్ తనకు జరిగిన ప్రతి కష్టాన్నీ రాసిపెట్టుకునే చోటు అది. ముందురోజు మధ్యాహ్నం దగ్గర ఒక ఎర్ర గుర్తు, కింద కెర్బరోస్ అనే పేరు, దాని పక్కన నేనెన్నడూ చూడని ఒక అక్షరాల గుత్తి ఉన్నాయి. విప్పి చదివితే తేలింది ఒక్కటే. ఈ కంప్యూటర్ టైముకూ సర్వర్ టైముకూ పొంతన కుదరలేదు.

కెర్బరోస్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. మీరెవరో సర్వర్‌కు రుజువు చేసే పద్ధతి అది. లోపలికి రానిచ్చే ముందు ఒక టికెట్ ఇస్తుంది, దాని మీద టైము వేస్తుంది. మీ గడియారానికీ సర్వర్ గడియారానికీ ఐదు నిమిషాలు మించి తేడా ఉంటే, పాత టికెట్‌తో బస్సెక్కిన వాణ్ని కండక్టర్ దింపేసినట్టు దింపేస్తుంది. దానికి కారణాలు అక్కర్లేదు. అప్పటికే లోపలున్న కంప్యూటర్‌ను వెంటనే కదపదు, మళ్లీ టికెట్ చూపాల్సి వచ్చినప్పుడే పట్టుకుంటుంది. రీస్టార్ట్ చేస్తే కంప్యూటర్ సర్వర్‌ను అడిగి తన టైము సరిదిద్దుకుంటుంది కాబట్టి మళ్లీ నడుస్తుంది.

టైము తప్పుతోందంటే మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ పోయిందనేది మా వాళ్ల మొదటి మాట. మార్చేశాను. సేటుకు ఆ పాత బ్యాటరీ అరచేతిలో పెట్టి చూపించాను కూడా. "గింత బిళ్ల కోసమా ఇంత గడబిడ?" అన్నాడు. నేను గర్వంగా కోరుట్ల వచ్చేశాను.

వారం తిరక్కుండానే మళ్లీ ఫోన్. ఈసారి సేటు గొంతులో వెటకారం లేదు. "స్లిప్పు లేక లారీ నిలవడ్డది. ఖాజా భాయ్ గోదాము తాళం తీయనంటున్నడు. ఆ పిల్ల ఏం ఒత్తుతున్నదో ఏమో. ఇంకోపారి గిట్లయితే ఆమెను ఇంటికి పంపుత. నాకు గీ తకరారు వద్దు."

రజిత పని పోయేలా ఉందని అర్థమైంది. "సేటు, ఎవర్నీ ఏమీ ముట్టుకోవద్దను. రీస్టార్ట్ కూడా చెయ్యొద్దు. నేనొస్తున్న" అని బండి తీశాను. వేములవాడ మీదుగా వెళ్తున్నంతసేపూ నా బ్యాటరీ మాట తప్పయినందుకు నాకే మంటగా ఉంది. నా తప్పుకు ఇంకొకరు ఇంటికి పోవడమేమిటన్నది అంతకంటే పెద్ద మంట.

నేను వెళ్లేసరికి మధ్యాహ్నం. రజిత కుర్చీ వదిలి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. సేటు నా భుజం వెనకే నిలబడ్డాడు. గోదాము చూసుకునే ఖాజా భాయ్ గడప దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, పిల్లకు తోడుగా ఒక మాట వేశాడు. "పాపం గామె ఏం జేస్తది సేట్? రెండున్నరకు గాని అన్నం గూడ తినది. ఒంటిగంటకు అందరు తింటె గామె ఒక్కతే పని చేసుకుంట కూసుంటది."

నేను ఈసారి నేరుగా తెర కింది మూలకు చూశాను. అక్కడ మూడూ పదకొండు ఉండాల్సిన చోట పన్నెండూ నలభై ఒకటి ఉంది. బ్యాటరీ పోతే గడియారం ఇష్టం వచ్చినట్టు ఎక్కడికో పోతుంది, ఏ పాత సంవత్సరానికో వెళ్లి కూర్చుంటుంది. ఇలా నిమిషం తేడా లేకుండా రెండున్నర గంటలే వెనక్కి వెళ్లదు.

రెండున్నర. ఆ లెక్క ఏ కంప్యూటర్ పుస్తకంలోనూ దొరకదు గాని, జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా ఏ ఇంట్లో చిన్నపిల్లను లేపి అడిగినా చెబుతుంది. దుబాయ్ అయితే గంటన్నర, సౌదీ అయితే రెండున్నర. మా తమ్ముడు అప్పటికే కొన్నేళ్లుగా సౌదీలో ఉన్నాడు. సాయంత్రం నాకు అన్నం పెట్టేటప్పుడు అమ్మ రోజూ అడిగేది, "గిప్పుడు తమ్మునికి ఎంతైతది రా? డూటీ దిగిండో లేదో" అని. నేను రెండున్నర తీసేసి చెప్పేవాణ్ని. అది విన్నాకే ఆమె తన కంచం ముందుకు జరుపుకునేది. ఇప్పుడు ఆ అంకే రజిత తెర మీద కనిపించింది.

"దొరికిందా?" అన్నాడు సేటు.

"దొరికింది సేటు. ఇది పిల్ల తప్పు గాదు, సెట్టింగుల తిప్పలు. నేను జేస్త. ముందుగాల నీ లారీ పంపుత" అని టైము సరిచేసి, స్లిప్పు తీసి ఖాజా భాయ్ చేతిలో పెట్టాను. సేటు లారీ వెంట వెళ్లాడు. సాంచల చప్పుడు ఎంతుందంటే పక్కనున్న మనిషితోనూ గట్టిగా మాట్లాడాలి. అయినా నేను గొంతు తగ్గించే అడిగాను.

"చెల్లె, నరేశ్ ఉండేది సౌదీల ఎక్కడ?"

ఆమె నా వైపు చూసింది. తర్వాత తెర మూలకు చూసింది. ఆమెకు అర్థమైపోయింది.

"దాని వల్లనా అన్నా?" అంది. "అందరు సర్వర్ ఆగుతున్నదంటే నేను గూడ దాన్నే తిట్టుకున్న. గా మూలకు చిన్నగ ఉంటది గద, ఎవలు జూస్తరు అనుకున్న. పొద్దుగాల అచ్చి మార్చుకుంట. మల్ల తెల్లారేసరికి దానంతట అదే మన టైముకు అస్తది. మల్ల మార్చుకుంట."

చిన్న ఊళ్ల ఆఫీసుల్లో ఎవరి కంప్యూటర్‌కు వాళ్లనే యజమానులను చేసేయడం మా పద్ధతి. లేకపోతే ప్రతి చిన్నదానికీ ఫోన్లు వస్తాయి. అందుకే ఆమెకు గడియారం తిప్పే హక్కు ఉంది.

"రెండున్నర తీసేస్తే సరిపాయె గదమ్మా. లెక్క రాదా నీకు?"

"లెక్కబెడితె ఎంతైందో ఎరుకైతదన్నా. గంతే. లెక్క గాదు నాకు గావాల్సింది. ఇంట్ల గడియారం మార్చరాదు, అత్తమ్మ ఉంటది, పిల్లగాని బడి ఉంటది. బస్సు మన టైముకే అస్తది. గీ ఒక్క డబ్బ నాది అనుకున్న. మూలకు పన్నెండు కాంగనె ఆయన టిఫిన్ ఇప్పుతడు. నేను గూడ అప్పుడే ఇప్పుత. ఇద్దరం ఒక్క టైముకు తిన్నట్టుంటది."

అందుకే రెండున్నరకు అన్నం. మా ఇంట్లో కంచం ముందు పెట్టుకుని నా జవాబు కోసం ఆగే మనిషే గుర్తొచ్చింది.

"ఇగ మార్చను అన్నా. సేటుకు చెప్పకు. పని పోతె మేం ఆగమైతం" అంది. కళ్లు తుడుచుకోవడానికి కొంగు ఎత్తి, నేను చూస్తున్నానని దించేసింది.

ఆమె మానేస్తే నా పని అయిపోయినట్టే. ఎర్రరు పోతుంది, సేటు సంతోషిస్తాడు. కానీ ఆ మూల నుంచి సౌదీని తీసేసి బండెక్కడానికి మనసొప్పలేదు. నిజానికి తీసేయాల్సిన అవసరమూ లేదు. విండోస్‌లో టైము ఒకటి, టైమ్ జోన్ ఒకటి. లోపల కంప్యూటర్లన్నీ లోకం మొత్తానికీ ఉన్న ఒకే టైమును నడుపుకుంటాయి. ఏ ఊరి లెక్కన మనకు చూపించాలో చెప్పేది టైమ్ జోన్. రజిత ముల్లును వెనక్కి తిప్పింది కాబట్టి లోపలి టైము కూడా తప్పింది. ఊరి పేరు మారిస్తే లోపలిది కదలదు.

టైమ్ జోన్ల పట్టీ తెరిచి ఇండియా తీసేసి సౌదీ రాజధాని రియాద్ పెట్టాను. మూలలో టైము రెండున్నర గంటలు వెనక్కి వచ్చింది. సాఫ్ట్‌వేర్ మూసి మళ్లీ తెరిచాను. తెరుచుకుంది. కంప్యూటర్ రీస్టార్ట్ చేసి మళ్లీ చూశాను. సౌదీ టైము అలాగే ఉంది, సర్వర్ కిమ్మనలేదు.

"మరి స్లిప్పు మీద సౌదీ టైము పడ్తె?" అంది రజిత భయంగా.

మంచి ప్రశ్న. ఒక స్లిప్పు తీసి చూపించాను. దాని మీద పడేది సర్వర్ టైము, అది సిరిసిల్లదే.

"గట్లెట్ల అన్నా? నేను మారిస్తె ఊకోలే, నువ్వు మారిస్తె ఊకున్నది."

"నువ్వు పొద్దును పట్టుకొని వెనుకకు గుంజినవు చెల్లె. నేను ఊరు మార్చిన. పొద్దు అక్కడ, ఇక్కడ ఒక్కటే గద."

ఆమె నవ్వింది. ఆ రోజు ఆ ఆఫీసులో ఆమె నవ్వడం అదే మొదలు. ఆ తర్వాత ఆ ఎర్రరు మళ్లీ రాలేదు. రజిత ఉద్యోగానికీ ఢోకా రాలేదు. సేటు నన్ను పదిమందిలో మెచ్చుకుంటూ, నిమ్మకాయ కొత్తది కట్టినందుకే కుదుటపడిందని కూడా కలిపి చెప్పేవాడు.

ఏడాది దాటాక సర్వర్‌లో హార్డ్ డిస్క్ మార్చడానికి మళ్లీ వెళ్లాను. నరేశ్ నడిపిన ఆ వరస సాంచలు ఇంకా నడవడం లేదు. పని ముగించి అన్ని కంప్యూటర్లూ ఒకసారి చూస్తూ రజిత టేబుల్ దగ్గరికి వచ్చాను. మూలలో టైము గంటన్నరే వెనకుంది. నేను చేసిన సెట్టింగు చెడిందేమో అని మౌస్ మీద చెయ్యి వేశాను.

"ముట్టకన్నా, నేనే మార్చిన" అంది రజిత. "ఆయన సౌదీ ఇడిసిండు. నడుమ ఇంటికచ్చిండు. ఉన్నన్ని దినాలు మన టైమే పెట్టిన, ఆ మూల దిక్కు గూడ జూడలే. పని దొరుకుతదేమో అని సిరిసిల్లంత తిరిగిండు. దొరకలే. మల్ల దుబాయ్ పోయిండు."

"అయ్యో" అన్నాను.

"ఏందన్నా అయ్యో," అంది తెర వైపు చూస్తూ. "ఒక గంట దగ్గరికచ్చిండు గద."

ఈ పనిలో నేను నేర్చుకున్న చాలా సంగతులు కొత్త విండోస్ వచ్చినప్పుడల్లా పాతబడిపోయాయి. ఆ రోజుది పాతబడలేదు. ఎర్రరు మెసేజ్ టైము తప్పిందని చెబుతుంది, ఎవరి కోసం తప్పిందో చెప్పదు. ఇప్పటికీ మా వైపు ఏ ఆఫీసులోనైనా గడియారం వెనకబడిన కంప్యూటర్ కనిపిస్తే ముందు తీసివేత చేసి చూస్తాను. లెక్క సరిగ్గా గంటన్నరకో రెండున్నరకో కుదిరితే, క్యాబినెట్ విప్పకుండా కుర్చీ లాక్కుని కూర్చుంటాను. "మీవాళ్లు ఏ దేశంల ఉంటరు?" అని అడుగుతాను.