బావి మీద పంపుహౌజు

మా ఊరికి నల్లా నీళ్లు వచ్చింది అరవైలలో. ఊరి చివరి మంచినీళ్ల బావి మీద గుండ్రంగా పంపుహౌజు కట్టారు. పిట్టల రెట్ట, దుమ్ము పడకూడదని బావి నోరంతా స్లాబుతో మూసి, మనిషి దిగేంత సందు వదిలారు. గోడలకు కిటికీలు లేవు, ఒకటే ఇనుప తలుపు. సున్నం వేశాక ఊరంతా వచ్చి చూసి మురిసిపోయారు. నాకు మాత్రం దాన్ని చూస్తేనే ఊపిరి ఆడేది కాదు. పైన పటారం, లోన లొటారం.

మా ఆయన మగ్గం వదిలి అక్కడ పంపు నడిపే పనికి కుదిరాడు. మోటారు బావి లోపల, నీళ్లకు కాస్త పైన రాతి గట్టు మీద ఉండేది. ఏం చెడినా ఆయనే దిగాలి.

మా దిక్కున లోతు బావిలో దిగాలంటే ముందు కందిలి వెలిగించి తాడుతో దింపేవాళ్లు. అది ఆరితే లోపల మంచి గాలి లేదని లెక్క, ఎవరూ దిగరు. పంపుహౌజు వచ్చాక ఆ అలవాటు పోయింది. బావిలో కరెంటు బల్బు వేలాడుతుండేది.

"దీపం ఎలుగుతనే ఉన్నది, ఇంక కందిలెందుకే?" అని ఆయన నవ్వేవాడు.

ఒక వానాకాలం మోటారు చెడి చాలా రోజులు ఆ తలుపు తీయలేదు. కొత్త సామాను వచ్చిన పొద్దున నేను సద్ది పట్టుకుని వెళ్లేసరికి ఆయన దిగుతున్నాడు.

"బల్బు మంచిగనే ఎలుగుతాంది. సద్ది ఆడ పెట్టు" అన్నాడు.

మళ్లీ పలకలేదు. వంగి చూస్తే గట్టు మీద ఒరిగి ఉన్నాడు. ఆ వెలుతురులో చొక్కా గుండీలు కూడా కనిపిస్తున్నాయి.

నా కేకలకు అత్త, మరిది పరుగున వచ్చారు. మరిది దిగబోయాడు. నాకేం తోచిందో, కరెంటు పోయినప్పటికని మూలన ఉంచిన కందిలి వెలిగించి దింపాను. సగం దూరంలోనే ఆరిపోయింది. బల్బు మాత్రం వెలుగుతూనే ఉంది. మరిది నడుముకు రెండు చేతులూ చుట్టి పట్టుకున్నాను.

"విడువు పిల్లా, గా కందిలి గాలికి ఆరింది" అంటూ అత్త నా చేతుల మీద కొట్టింది. గాజు లోపలి మంటకు ఏ గాలి తగులుతుంది? అయినా వదల్లేదు.

జనం వచ్చి స్లాబు పగలగొట్టి పైకి తీసేసరికి ఆయన ఒళ్లు చల్లబడింది.

తర్వాత ఆ గోడలకు కిటికీలు పెట్టారు. మరిదికి పెళ్లయింది, పిల్లలు పుట్టారు. ఆ పిల్లలను ఎత్తుకున్న అత్త, నా చేతి నీళ్లు మాత్రం మళ్లీ తాగలేదు. పోయే ముందు కూడా నన్ను దగ్గరకు పిలిచి అదే అడిగింది.

"వాణ్ణి ఎందుకు పట్టుకున్నవే? దిగితే అన్నను తెచ్చేటోడు గదా."