మంగ పెళ్ళికి మూడో సాక్షి

ఖతర్‌లో ఉంటూ ఇక్కడే పెళ్ళి చేసుకోవాలనుకునే మనవాళ్ళు ఎవరైనా ఉంటే ఇది చదవండి. చూడదగ్గ ప్రదేశాలేవీ ఇందులో లేవు. అల్ వుకైర్‌లో మా ఇంటి నుంచి బయల్దేరి, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్, ఉమ్ సలాల్ తిరిగి, మన ఎంబసీలో ఒక పెళ్ళి జరిపించుకొచ్చిన ఒక్కరోజు ప్రయాణం ఇది. ప్రపంచకప్‌కి ఇంకా కొన్ని నెలలే ఉన్నాయి. ఎటు చూసినా తవ్వకాలు, దారి మళ్ళింపులు.

పెళ్ళికూతురు మంగ. కోనసీమ మనిషి, నలభై దాటాయి. మేము ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌లో అద్దెకున్నప్పుడు పక్కింటి లెబనాన్ వాళ్ళకి వంట చేసేది. పెళ్ళికొడుకు రాజలింగం. జగిత్యాల వైపువాడు, ఉమ్ సలాల్‌లో ఒక తోటలో డ్రైవరు. వారానికోసారి ఆ ఇంటికి గుడ్లు, కూరగాయలు తెచ్చేవాడు. ఇద్దరూ జోడు పోగొట్టుకున్నవాళ్ళే. గేటు దగ్గర వంకాయల మీద మొదలైన మాటలు రెండేళ్ళు గేటు దగ్గరే సాగాయి. పెళ్ళికాని ఆడామగా ఒక గదిలో ఉంటే ఇక్కడి చట్టం ఊరుకోదు మరి. ఇంతలో లెబనాన్ వాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తామని రెండు నెలల ముందే చెప్పి, మంగకి ఒక శనివారానికి టికెట్ తీసేశారు. రాజలింగం యజమానికేమో ప్రపంచకప్‌కి చుట్టాలు దిగుతున్నారు, వంటమనిషి కావాలి. మంగని పెట్టుకుంటాను, ఇద్దరికీ గది ఇస్తాను, ముందు పెళ్ళి కాగితం చూపించండి అన్నాడు. ఎంబసీలో మా అపాయింట్‌మెంట్ దానికి రెండ్రోజుల ముందు, గురువారం. అది తప్పితే మంగ విమానం ఎక్కాల్సిందే.

నియమాలు క్లుప్తంగా చెప్తాను. ముస్లింల నికాహ్ సంగతి ఇక్కడి కోర్టు చూసుకుంటుంది. మనలాంటివాళ్ళు ఎంబసీకి వెళ్ళాలి. మేం వెళ్ళిన దారిలో అయితే ముందు నోటీసు ఇచ్చి నెల రోజులు ఆగాలి, ఆలోగా ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ఆ గండం మాకు గడిచింది. ఇక మిగిలింది ముగ్గురు సాక్షులు. నేను, మా ఆయన, రాజలింగం ఊరివాడు గంగారాం. గంగారాం కన్‌స్ట్రక్షన్ క్యాంపులో ఉంటాడు.

పొద్దున ఏడింటికి ఇంటి దగ్గర మెట్రో బస్సు ఎక్కాను. ఆ బస్సు ఉచితం. అల్ వక్రా స్టేషన్‌లో దిగి రెడ్ లైన్ పట్టుకుంటే, రెండు రియాళ్ళకి ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌లో దింపేస్తుంది. స్టేషన్‌కి మాత్రం అరబ్బీ పేరే పెట్టారు కాబట్టి అల్ మతార్ అల్ ఖదీం అని గుర్తుపెట్టుకోండి. మంగ గేటు బయటే నిలబడి ఉంది, ఆకుపచ్చ పట్టుచీరలో, చెమటలు కక్కుతూ. "రాత్రంతా నిద్రలేదండి అక్కగారూ. ఇప్పుడు ఏదైనా అడ్డొస్తే నేనింక ఆ మనిషి మొహం చూడలేనండి" అంది. ఏ అడ్డూ రాదు, నేనుండగా వస్తే అడుగు అన్నాను. నా నోటిదురుసు నాకు తెలుసు, కానీ ఆ పూటకి అదే పనికొచ్చింది.

ఉమ్ సలాల్‌కి మెట్రో లేదు. టాక్సీ మాట్లాడుకోవాలి. ఆగిన టాక్సీ డ్రైవరు బోధన్ వాడు, యూసుఫ్ భాయ్, తెల్లగడ్డం. ఉమ్ సలాల్ వెళ్ళి, ఒక మనిషిని ఎక్కించుకుని, పదకొండు లోపల ఎంబసీలో ఉండాలని చెప్తే అద్దంలోంచి నన్ను ఎగాదిగా చూశాడు. "రోడ్లన్నీ తవ్వి పెట్టిండ్రు మేడమ్. పోతం, కానీ ఆ మనిషి తయారుగుండాలె. మేకప్ గీకప్ అని గంట నిలబెడితే నాతోని కాదు." వచ్చేది పెళ్ళికొడుకని చెప్పాను. "అరె, అట్లనా. యల్లా, పోదం పాండ్రి" అని ఏసీ పెంచాడు. రానుపోను, వెయిటింగుతో కలిపి నూట ఇరవై రియాళ్ళ దాకా అనుకోండి.

రాజలింగం తోట గేటు ముందు తెల్లచొక్కాలో అటెన్షన్‌లో ఉన్నాడు. ఎక్కి ముందు సీట్లో కూర్చుని, వెనక్కి తిరిగి మంగని చూసి, మళ్ళీ ముందుకి తిరిగిపోయాడు. నవ్వొచ్చింది నాకు. దోహా వైపు మళ్ళామో లేదో నా ఫోను మోగింది. గంగారాం.

"అక్కా, ఫోర్‌మన్ ఛుట్టీ కాన్సిల్ చేసిండు. స్టేడియం రోడ్డు పని ఇయ్యాల్నే అయిపోవాల్నంట. గేటు దాటనిస్తలేడు. ఏం జెయ్యాలె అక్కా" అని ఏడుపు గొంతుతో అన్నాడు.

తెలిసిన వాళ్ళందరికీ ఫోన్లు కొట్టాను. ఒకరు డ్యూటీలో, ఒకరు ఇండియాలో, ఒకామె "పిల్లలున్నారు కదండీ" అంది. దారి మళ్ళింపులో కారు కదలడం లేదు. మంగ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. రాజలింగం మెల్లగా, "ఏడ్వకు. నువ్వు పోతే నేను గూడ ఫైనల్ ఎగ్జిట్ కొట్టుకోని, ఈడ కొలువు ఇడిసిపెట్టి మీ ఊరికే వస్త" అన్నాడు. ఆ మాటకి ఆమె ఇంకా ఎక్కువ ఏడ్చింది.

అప్పటిదాకా రోడ్డుని తిడుతున్న యూసుఫ్ భాయ్ అద్దం సర్దుకున్నాడు. "మేడమ్, సాక్షి అంటే మీ చుట్టమే ఉండాల్నా?"

"లేదు భాయ్, పెద్దమనిషి అయితే చాలు, గుర్తింపు కార్డు ఉండాలి."

"మరి నా గడ్డం సరిపోదా?"

ముద్దొచ్చేశాడంటే నమ్మండి. ఎంబసీ ముందు కారు ఆపి, మీటరు కట్టేసి, టోపీ సరిచేసుకుని మా వెనకాలే నడిచాడు. మా ఆయన అప్పటికే ఆఫీసు నుంచి వచ్చి తలుపు దగ్గర గడియారం చూసుకుంటున్నాడు. అపాయింట్‌మెంట్‌కి ఐదు నిమిషాలుంది.

అధికారికి తెలుగు వచ్చు. యూసుఫ్ భాయ్ కార్డు చూసి, వీళ్ళు మీకెంత కాలంగా తెలుసు అని అడిగాడు. "రెండు గంటలు సార్. అబద్ధం ఎందుకు చెప్పాలె. కానీ ఆ రెండు గంటలల్ల వీళ్ళు ఏడ్చుడు చూసిన. ఇష్టం లేనోళ్ళు అట్ల ఏడ్వరు." అధికారి కార్డు వెనక్కిచ్చి, చూడ్డానికి వినడానికి మూడో మనిషి ఉన్నాడు, చాలన్నాడు.

ఇక ఒకరి పేరు ఒకరు పూర్తిగా, అందరికీ వినబడేలా చెప్పి, భార్యగా భర్తగా స్వీకరిస్తున్నామనాలి. రాజలింగం గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. మంగ వంతు వచ్చింది. తలొంచుకుంది. "ఆయన్ని..." అని ఆగిపోయింది. మా వైపు చాలామంది ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో అనరు, కాబోయేవాడిదైనా సరే. అధికారి మెత్తగానే, పేరు రావాలమ్మా, లేకపోతే పెళ్ళి కాదు అన్నాడు. ఆమెని ఏమనను? నేనే ఇంతసేపూ మా ఆయన, మా ఆయన అని రాస్తున్నాను, గమనించారో లేదో.

"మా అమ్మ గూడ మా అబ్బా పేరు ఎన్నడూ చెప్పలె బేటీ" అన్నాడు యూసుఫ్ భాయ్. "కానీ రేషన్ కార్డు ఆఫీసుల గట్టిగ చెప్పింది. లేకుంటే బియ్యం ఇయ్యరు."

అందరం నవ్వేశాం. మంగ కూడా నవ్వింది, తలెత్తింది, రాజలింగం కళ్ళల్లోకి చూస్తూ ఇంటిపేరుతో సహా పూర్తి పేరు చెప్పింది. ఎంత గట్టిగానంటే బయట వరసలో ఉన్నవాళ్ళు ఇటు తిరిగారు. నేను ఆపుకోలేక ఏడ్చేశాను. సంతకాలయ్యాక బయటికొస్తూనే మంగ తన మేడమ్‌కి ఫోన్ చేసి, వచ్చీరాని ఇంగ్లీషులో, టికెట్ వద్దు, నాకు పెళ్ళయింది అని చెప్పింది. గెలిచాం. ఇంకో మాట లేదు.

ఇన్నేళ్ళూ ఇక్కడి నియమాలని భయంగానే చూశాను. ఈ ఇద్దరినీ రెండేళ్ళు గేటుకి అటొకరిని ఇటొకరిని నిలబెట్టింది చట్టమే. ఆ రోజు మాత్రం అదే చట్టం మా పక్షాన ఉంది, దాని మాట ప్రకారం అన్నీ చేశాం కాబట్టి ఎవరికీ భయపడే పని లేకపోయింది. నేనిచ్చే సలహా ఒక్కటే. ముగ్గురు సాక్షులు కావాలంటే నలుగుర్ని సిద్ధం చేసుకోండి, ప్రతిసారీ యూసుఫ్ భాయ్ దొరకడు.

మధ్యాహ్నం రెండింటికి అదే టాక్సీలో తోటకి చేరాం. యజమాని కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, మబ్రూక్ అని శుభాకాంక్షలు చెప్పి తాళంచెవి రాజలింగం చేతిలో పెట్టాడు. పట్టపగలు, పనివాళ్ళందరూ చూస్తుండగా, మంగ, రాజలింగం ఒకే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.