మలుపు తిరిగే స్ట్రెచర్

మా సారు ఇక లేరని ఆదివారం పొద్దున్నే ఆయన భార్య ఫోన్ చేసి చెప్పారు. గుండెపోటు. గోదావరిఖని పక్కన మా కాలేజీలో ఎంటెక్ డిజైన్ చదివినవాళ్ళకు సారు అంటే ఆయనొక్కరే. నేను ఆయన శిష్యురాలిని. తర్వాత ఆయన పక్క గదిలోనే పాఠాలు చెప్పాను. ఆయన గురించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా చదువు వారంలో సగం తరగతిలో, సగం గనిలో. సారుది కోస్తా. మాది నస్పూర్ క్వార్టర్లు, నాన్న గని కార్మికుడు. "మీ నాన్న దిగే చోటికి నువ్వు దిగకుండా డిజైనేంటమ్మా?" అని మొదటి వారమే నన్ను గనికి తోలారు.

నా ప్రాజెక్టు స్ట్రెచర్. దెబ్బ తగిలిన మనిషిని గనిలోంచి పైకి తేవడం నరకం. ఇరుకు మలుపుల్లో మామూలు స్ట్రెచర్ తిరగదు. మనిషిని దింపి, చంకల్లో చేతులేసి ఈడుస్తారు. నాన్నను అట్లాగే ఈడ్చారు, ఆ తర్వాత ఆయన నడుము మళ్ళీ నిలవలేదు. ఈ సంగతి చెప్పిన రోజు సారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడుచుకున్నారు.

ఆయనకో పట్టుదల ఉండేది: బొమ్మ గీసినవాళ్ళే ముందు ఎక్కాలి. మధ్యలో వంగే స్ట్రెచర్ తయారవగానే నన్ను పడుకోబెట్టి బెల్టులు బిగించారు. నలుగురు కార్మికులు ఎత్తుకున్నారు. మలుపులో నా మోచెయ్యి గోడకు ఠపీమని కొట్టుకుంది. "అవ్వో!" అని కేక పెట్టాను.

"కాగితం మీద గోడ అడ్డం రాలేదుగా అమ్మా!" అన్నారు సారు.

మోస్తున్నవాళ్ళలో నేను కాకా అని పిలిచే పెద్దాయనకు కోపమొచ్చింది. "బిడ్డను సంపుతవా ఏంది సారూ? ఈపారి నువ్వే పండుకో."

సారు నిజంగానే పడుకున్నారు. బొద్దు మనిషి. "జర తక్కువ తినరాదు సారూ!" అని ఆ నలుగురూ ఆయాసపడుతూనే నవ్వుకుంటూ పైదాకా మోశారు. మళ్ళీ విప్పాం, మళ్ళీ బిగించాం. చివరికి ఎక్కడా తగలకుండా తిరిగింది.

"దీంతో పని పడకూడదమ్మా. పడితే మాత్రం ఇది అక్కడ ఉండాలి" అనేవారు. దాన్ని గనిలో వాడే అనుమతి కోసం ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగారు. "చూస్తం సార్" అన్నవాళ్ళు బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చినవాళ్ళు మళ్ళీ మొదటినుంచి చెప్పమన్నారు. అంతలో ఆ గనే మూతపడింది. మా కోర్సులో చేరేవాళ్ళూ కరువయ్యారు. సారు రిటైరయ్యాక కూడా నాకు ఫోన్ చేసేవారు. "ఏమైనా కబురొచ్చిందా అమ్మా?" పోయే ముందు వారం కూడా అదే అడిగారు. ఇక రాదని ఇద్దరికీ తెలుసు. ఇంత చదువు, ఇంత తిరుగుడు ఎవరికోసమో చెప్పండి.

దినకర్మ అయిన మర్నాడు కాలేజీకి వెళ్ళాను. మా ల్యాబ్ ఖాళీ చేసి పై అంతస్తులో కంప్యూటర్ కోర్సు పెడుతున్నారు. ఇద్దరు అటెండర్లు ఏదో బరువు మోసుకుంటూ మెట్లెక్కుతున్నారు. చూస్తే మా స్ట్రెచర్. దాని మీద కంప్యూటర్ డబ్బాలు, వాటికి బెల్టులు.

"జర పక్కకు జరుగుండ్రి మేడమ్" అన్నాడు ముందున్నతను. "ఇది మస్తున్నది. మలుపు కాడ మంచిగ వంగుతంది. ఎవలు చేసిన్రో గని, పుణ్యాత్ములు."

గోడకు ఆనుకుని దారి ఇచ్చాను. మెట్ల మలుపులో స్ట్రెచర్ నడుము దగ్గర వంగి, ఎక్కడా తగలకుండా తిరిగి, పైకి వెళ్ళిపోయింది.