ఎవరూ లేనప్పుడే ఆగిపోయే కంపైల్

2003లో తిరుపతిలో ఒక దినపత్రిక కార్యాలయంలో కంప్యూటర్లు చూసుకునేవాణ్ని. ఆ వేసవిలో తిరుచానూరు నుంచి మస్తాన్ అనే ఎంసీఏ విద్యార్థి సాయం కోసం నా దగ్గరికి వచ్చాడు. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను సిద్ధంగా దొరికే సీడీతో కాకుండా సోర్స్ కోడ్ నుంచి తనే కట్టుకోవడం అతని ప్రాజెక్టు. మనిషి రాసిన కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చడాన్ని కంపైల్ అంటారు. అతని కంప్యూటర్‌కు అది గంటల పని. ప్రతిసారీ మధ్యలో ఆగిపోతోంది. సోమవారం నడిపి చూపించకపోతే ఏడాది పోయినట్టేనని గైడ్ చెప్పేశాడు.

"ఒకే చోట ఆగుతాందా?" అని అడిగాను.

"లేదు సార్. దినామూ ఒక్కో చోట."

నాకు ఆసక్తి పుట్టింది అక్కడే. కోడ్‌లో తప్పుంటే ఎన్నిసార్లు చేసినా అదే వరుస దగ్గర ఆగాలి. చోటు మారుతోందంటే అనుమానించాల్సింది యంత్రాన్ని. వాళ్లింటికి వెళ్లి ర్యామ్, అంటే కంప్యూటర్ పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ, మార్చాను. చక్కగా నడిచింది. మర్నాడు మళ్లీ ఆగిందని కబురు. వెళ్లి పాత ర్యామే తిరిగి పెట్టాను. నా ఎదుట దాంతోనూ నడిచింది!

"మీరుంటే బుద్ధిగా ఉంటాది సార్. మీరు పోతే సస్తాది" అన్నాడు మస్తాన్.

"నేను లేననుకో. రోజూ చేసినట్టే చెయ్యి."

కంపైల్ మొదలుపెట్టి లేచాడు. తలుపు కొక్కేనికి వేలాడుతున్న తొడుగు తీసి సీపీయూ పెట్టెకు తొడిగాడు. సఫారీ సూట్లు కుట్టే మందపాటి గుడ్డ, లోపల అస్తరు. వెనక గాలి పోయే రంధ్రాలూ మూసుకుపోయాయి. కాసేపటికి పెట్టె మీద చెయ్యి పెట్టలేకపోయాను. తెర మీద కంపైల్ ఆగిపోయింది. వేడికి ప్రాసెసర్ లెక్క తప్పుతోంది.

ముందు గదిలో కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. మస్తాన్ తండ్రి దర్జీ.

"గుడ్డల నుసి పడతాదని నేనే కుట్టిచ్చినా సార్. అయితే వాని సదువుకు అడ్డం పడింది నేనేనా?"

"నుసి గురించి మీరనుకున్నది నిజమే భాయ్. నడిచేటప్పుడు కప్పకూడదు, అంతే."

"ఈ ఎండల్లో దానికి సూటు తొడిగినావు గదా నాయనా!" అని మస్తాన్ నవ్వాడు.

ఆయన నవ్వలేదు. నుసి పెట్టె మీద పడకుండా మిషన్‌ను వసారాలోకి మోసుకుపోయి, కంపైల్ పూర్తయ్యేదాకా ఆ వడగాలిలోనే కుట్టాడు. సోమవారం మస్తాన్ కట్టిన లైనక్స్, గైడ్ ముందు లేచి నిలబడింది.

వాళ్లు నా దగ్గర ఏమీ దాచలేదు. గుడ్డ కప్పడం చెప్పాల్సిన పనిగా వాళ్లకు తోచలేదు. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా, యంత్రం ఎప్పుడు ఆగిందని అడిగాక, దాని దగ్గర నుంచి లేచేటప్పుడు ఏం చేస్తారని కూడా అడుగుతాను.