తాత కుంటినడక

నేను చిన్నపిల్లగా, మూడో తరగతిలో ఉన్న ఏడు విషజ్వరం వచ్చి నెల రోజులు మంచం దిగలేదు. పిల్ల బతికితే ముగ్గురం కాలినడకన మట్టపల్లి వచ్చి నరసింహస్వామిని చూస్తామని మా నాయనమ్మ మొక్కుకుంది. మరుసటి ఏడు, మాడుగులపల్లి దగ్గరి మా ఊరి నుంచి నాయనమ్మ, తాత, నేను తెల్లవారుతూనే బయల్దేరాం. బయల్దేరేముందు పక్కింటి అక్క నా చెవిలో ఒక మాట వేసింది. మొక్కులో ఏ కొంచెం మోసం జరిగినా జ్వరం తిరిగొస్తుందట. ఆ మాట దారంతా నన్ను వదల్లేదు.

మిర్యాలగూడ దాటాక తాత కుంటడం మొదలుపెట్టాడు. "జర ఆగుండ్రి, కాలు గుంజుతున్నది" అంటూ నీడ కనబడితే చాలు కూలబడేవాడు. నాయనమ్మ "గింత దానికే అలిసిపోతే ఎట్లనయ్యా?" అని సణుగుతూ పక్కనే కూర్చునేది. కాసేపటికి లేచి నడిచేవాళ్ళం. మళ్ళీ కుంటు, మళ్ళీ నీడ.

రెండో రోజు నాకు అనుమానం వచ్చింది. కాల్వలో నీళ్ళు ముంచుకురావడానికి వెళ్ళిన తాత, మేము చూడటం లేదనుకుని కట్ట మీదికి చకచకా ఎక్కాడు. మా దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ కుంటు. అదీ నిన్న ఎడమకాలు, ఇవాళ కుడికాలు. అప్పటి నుంచి నేను తాత కాళ్ళనే చూస్తూ నడిచాను. మూడో రోజు హుజూర్‌నగర్‌లో ఆయన ఒక ఎద్దులబండి మనిషిని పక్కకు తీసుకెళ్ళి గుసగుసలాడాడు. మా వైపు ఓసారి చూసి ఏదో రొంటిన దోపుకున్నాడు. బండి మాట్లాడుతున్నాడు, మిగతా దారి బండి మీద పోదామంటాడు, మొక్కు చెడుతుంది, నాకు జ్వరం వస్తుంది. ఉన్నదంతా నాయనమ్మకు చెప్పేశాను.

"గిన్నేండ్ల కాపురంల నాతోని నాటకమాడుతవా? దేవుని పనిల గూడనా?" అంది నాయనమ్మ. ఆమె విసవిసా నడిచింది. తాత కొంచెం వెనకగా, కుంటకుండా నడిచాడు. దారిలో ఎన్ని చెట్లు వచ్చినా ఎవరూ కూర్చోలేదు.

గుడి ఇంకా చాలా దూరముందనగా నాయనమ్మ రోడ్డు పక్కన ఒరిగిపోయింది. మోకాలు వాచి నిగనిగలాడుతోంది. అది చాలా రోజుల నొప్పి. మొక్కింది తనే కాబట్టి తన వల్ల ఆగకూడదని దాచిపెట్టి నడుస్తోంది. తాత రొంటి నుంచి చిన్న సీసా తీశాడు. ఆముదం. బండాయనను అడిగి తెచ్చుకున్నది అదే.

"నీ కాలు నొస్తున్నది, కూసో అంటే కూసుంటవా? నాకు నొస్తున్నదంటెనే కూసుంటివి" అన్నాడు, మోకాలికి రాస్తూ. నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నేను దూరంగా నిలబడ్డాను. తిడతాడనుకున్నాను. పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "సూసింది చెప్పినవ్, తప్పులేదు బిడ్డా. కాని నన్నొక్క మాట అడగకపోతివి. అడిగితే చెప్పకపోదునా?" ఆ గొంతులో కోపం లేదు. ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

దగ్గర్లోని బడి వరండాలో రెండు రోజులున్నాం. ఆ తర్వాత నాయనమ్మ తాత భుజం పట్టుకుని, నాలుగు అడుగులకోసారి ఆగుతూ గుడి చేరింది. కృష్ణలో ముగ్గురం మునిగాం. జ్వరం మళ్ళీ రాలేదు.

అనుమానం మాత్రం నా స్వభావంలోంచి పోలేదు. మా ఆయన కోదాడ నుంచి ఆలస్యంగా వచ్చిన రోజుల్లో, కోడలు ఫోన్ పట్టుకుని పక్కకు పోయినప్పుడు, అది నా లోపల లేచి కూర్చుంటుంది. అయితే ఎవరి మీద అనుమానం వస్తే వాళ్ళ దగ్గరికే వెళ్ళి అడుగుతాను. కొన్నిసార్లు నేను భయపడిందే నిజమవుతుంది. అప్పుడు కూడా ఆ మాట మొదట వాళ్ళ నోటనే వింటాను.