ఇరవై ఆరో వలయం

చెట్ల వలయాలు లెక్కపెట్టి పాతకాలపు వానల సంగతి తెలుసుకోవడం నా ఉద్యోగం. కొత్తగూడలో రోడ్డు కోసం కొట్టేసిన వేపచెట్టు నుంచి ఒక బిళ్ల కోయించుకున్నాను. కోసిన ముఖం మీద తుప్పు పట్టిన మేకు తల కనబడింది. బెరడు నుంచి లోపలికి లెక్కపెడితే ఇరవై ఆరో వలయం. వెంట్రుకంత సన్నం. వాన మొహం చాటేసిన ఏడాది.

"దయ్యాన్ని కట్టిన మేకు సార్. గుంజకుండ్రి," అన్నాడు బిళ్ల కోసిన బోరబండ వడ్రంగి.

ఇలాంటి మాటలంటే నాకు ఒళ్లు మంట. ఇంటికెళ్లి పట్టకారుతో లాగేశాను. ఆ మధ్యాహ్నం నుంచే బిళ్ల టప్పుమని పగలడం మొదలుపెట్టింది. పచ్చి చెక్క ఆరితే పగులుతుంది, నాకు తెలియంది కాదు. కానీ చీలికలన్నీ మేకు రంధ్రం నుంచే బయలుదేరుతున్నాయి. మూడో రోజు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఆ మేకునే మళ్లీ దిగ్గొట్టాను. చప్పుడు ఆగిపోయింది.

తర్వాత వడ్రంగికి ఇది చెబితే అతను నవ్వలేదు.

"మంచిగ చేసిన్రు సార్. మిగిలిన మొద్దుల ఇంకా ఏడు మేకులుండె. రంపం పాడైతదని మిల్లుల అన్నీ గుంజేసిన్రు."

"ఆ మొద్దు ఏమైంది?"

"తలుపులు చేసిన్రు. బాచుపల్లిల కొత్త ఫ్లాట్లకు పోయినయి."